ఎస్తేరు విన్న ఆయ్

చుక్కను కనిపెట్టింది నేనే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. పదకొండేళ్ళు ఇల్లూ వాకిలీ పట్టకుండా దాని వెంటే తిరిగాను. కానీ చుక్కవల్ల బతికి బయటపడ్డవాళ్ళ గురించి పత్రికల్లో ఎక్కడ రాసినా నా పేరే ఉంటుంది, నర్సు ఎస్తేరు పేరు ఉండదు. అది నాకు కొన్నాళ్ళుగా గొంతులో ముల్లులా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో నేను పెద్ద మేధావిలా కనబడను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

నా పేరు మస్తాన్ వలి. మాది ప్రొద్దుటూరు. మందులిచ్చే డాక్టర్ని కాను, జీవకణాల మీద పరిశోధన చేసేవాణ్ణి. మనిషి చర్మంలోంచి కాసిని కణాలు తీసి, వాటికి కొత్త విద్య నేర్పి, మళ్ళీ ఆ మనిషి చర్మంలోనే నాటడం నా పని. ఆ విద్య ఏమిటంటే, నెత్తురులో కేన్సర్ ఆనవాలు లేశమంత కనబడినా ఆ కణాలు రంగు పుట్టించాలి. ఏ జబ్బూ లేనన్నాళ్ళూ చెయ్యి మామూలు చెయ్యే. జబ్బు తిరగబెడితే మాత్రం ఎడమ చేతి లోపలివైపు, మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన, పెసరగింజంత ఆకుపచ్చ బొట్టు తేలుతుంది. మామూలుగా మనిషికి బాధ తెలిసేసరికి ఎన్ని నెలలు గడిచిపోతాయో, అన్ని నెలల ముందే తేలుతుంది. నేను దానికి బారెడు పొడుగు పేరు పెట్టాను. రోగులు మాత్రం చుక్క అన్నారు. చివరికి నేనూ చుక్కే అన్నాను.

రాజమండ్రి దగ్గర ఒక ఆసుపత్రిలో రెండు వందల పన్నెండు మందికి చుక్క నాటాం. అందరూ కేన్సర్ వైద్యం పూర్తయినవాళ్ళే. అంతకుముందు వీళ్ళంతా మూడు నెలలకోసారి ఆసుపత్రికి రావాల్సి వచ్చేది. కోనసీమ లంకల్లోంచి పడవెక్కి, బస్సెక్కి, ఆటో ఎక్కి వచ్చి, వరసలో కూర్చుని, నెత్తురిచ్చి, డాక్టరు దగ్గర రెండు నిమిషాలు నిలబడి, మళ్ళీ అదే దారిన పోయేవాళ్ళు. చుక్క వచ్చాక ఆ తిరుగుడు తప్పింది. ఏడాదికి ఒక్కసారి వస్తే చాలు. మధ్యలో చుక్క తేలితే వాళ్ళే ఫోన్ చేస్తారు. రోగి పిలిస్తేనే మనం కదలాలి, పిలవకపోతే మనిషి మానాన మనిషిని బతకనివ్వాలి. ఇదీ నా ఏర్పాటు. దీన్ని చూసి నేనే మురిసిపోయాను.

మురిసిపోనివాళ్ళు ఒక్కరే. ఎస్తేరు. కేన్సర్ వార్డులో ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఆమెది. నా పరిశోధన అంతా ఓపిగ్గా తెలుగులో చెప్పించుకుని, చివర ఒక్క ప్రశ్న అడిగింది.

"చుక్క తేలినప్పుడు ఆ మనిషి పక్కన ఎవరుంటారు సార్?"

"ఎవరుండేదేంది సిస్టర్? చూసుకుని ఫోన్ చేస్తారు."

"ఇన్నాళ్ళూ ఈ కబురు డాక్టరుగారు చెప్పేవారండి. నేను పక్కన నిలబడేదాన్ని. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేదాన్ని. ఇప్పుడు ఎవరో ఒకావిడ అంట్లు తోముకుంటా ఉంటే చెయ్యే చెప్పేస్తుంది. అప్పుడు నీళ్ళెవరిస్తారు?"

అదొక శాస్త్రీయమైన ప్రశ్నగా నాకు తోచలేదు. అయినా ఎస్తేరు పట్టిన పట్టు వదల్లేదు. ఒక గది, ఒక ఫోను, ఒక నోటు పుస్తకం సంపాదించింది. ఫోన్‌లో మాటలన్నీ రికార్డయ్యే ఏర్పాటు చేయించింది. తన చేత్తో ఒక కాగితం రాసి, దాని నకళ్ళు తీయించి అందరికీ పంచింది. అందులో ఇలా ఉంది: "చుక్క వస్తే ఫోన్ చెయ్యండి. రాకపోయినా చెయ్యండి. అనుమానం వచ్చినా చాలు. తిండి సయించకపోయినా, దిగులుగా ఉన్నా, ఊరికే పలకరించాలనిపించినా చెయ్యండి. నేనేమీ అనుకోను."

ఆ కాగితం చదివి నేను నవ్వాను. ఊరికే పలకరించడానికి కూడానా అని.

మొదటి ఏడాది ఏడుగురికి చుక్క తేలింది. ఏడుగురికీ వైద్యం వెంటనే మొదలైంది, ఏడుగురూ ఉన్నారు. ఇది గొప్ప సంగతి, సందేహం లేదు. కానీ మిగతా రెండు వందల మంది ఎలా బతుకుతున్నారో నాకు ఎస్తేరు చెప్పేదాకా తెలియదు. ఒక పోస్ట్‌మాన్ ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా గుండీ విప్పడం లేదట. ఒక టీచరమ్మ ఆ చోట రుమాలు కట్టుకుని, శుక్రవారం స్నానం చేసేటప్పుడు మాత్రమే విప్పి చూసుకుంటుందట. ఇంకొకావిడ రోజుకి యాభైసార్లు చూసుకుంటుంది. మూడు నెలలకోసారి వచ్చే భయాన్ని నేను తీసేశాననుకున్నాను. నిజానికి దాన్ని చిన్నది చేసి వాళ్ళ చేతికిచ్చాను.

వాళ్ళంతా ఎస్తేరుకి ఫోన్ చేసేవాళ్ళు. ఏడాదిలో వెయ్యికి పైగా ఫోన్లు. "వెయ్యి ఫోన్లకి ఏడు చుక్కలు. మిగతాదంతా వృథానే కదా సిస్టర్" అన్నాను ఒకసారి. ఎస్తేరు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "వృథా కాదు సార్, అదే పని" అంది.

రెండో ఏడు మధ్యలో ఆమె కుడికంటికి శుక్లం ఆపరేషన్ పడింది. అయిదు రోజులు సెలవు. ఆ అయిదు రోజులూ ఫోన్ దగ్గర ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చినప్పుడు నేనే ముందుకొచ్చాను. ఫోనెత్తడానికి ప్రత్యేకంగా చదువు కావాలా అని నా ధీమా.

ముప్పై నాలుగు ఫోన్లు వచ్చాయి. ప్రతిదాన్నీ రెండు నిమిషాల్లోపు ముగించాను. పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టాను. అందులో బుధవారం వచ్చిన ఫోన్ ఒకటి ఉంది. బొక్కా సత్యవేణి, యాభై రెండేళ్ళు, ఆత్రేయపురం దగ్గర పల్లె. రొమ్ము కేన్సర్‌కి వైద్యం ముగిసి రెండేళ్ళయింది. ఇంట్లో పూతరేకులు చేస్తుంది.

"ఎస్తేరమ్మగారాండి?"

"ఆమె సెలవులో ఉంది. నేను డాక్టర్ మస్తాన్. మీరెవరు?"

"ఆయ్... సత్తివేణినండి. పూతరేకుల సత్తివేణిని."

"చెప్పండమ్మా. చుక్కేం రాలేదు కదా?"

"ఆయ్. అదేనండి, సెయ్యి కాస్త..."

"పచ్చగా ఉందా?"

"పచ్చగా అయితే లేదండి."

"పచ్చగా లేదంటే చుక్క లేనట్టే. వస్తే పచ్చగానే వస్తుంది. అర్థమైంది కదా?"

"ఆయ్."

"నొప్పి, వాపు అట్లాంటివేం లేవు కదా?"

"ఆయ్."

"ఇంకేం మరి! ఊరికే భయపడి ఆరోగ్యం పాడుచేసుకోవద్దు. ధైర్యంగా ఉండండి."

"ఆయ్. ఉంటానండి మరి."

నిమిషం నలభై సెకన్లు. పుస్తకంలో "చుక్క లేదు. బాగుంది" అని రాసి, కింద గీత కూడా గీశాను. ఈ గోదావరి వాళ్ళు ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. ఆయ్ అనే ముక్క సినిమాల్లో నవ్వించడానికి పెడతారని తెలుసు. నిజంగా మనుషులు అంటారని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. మాకు ఊఁ ఎట్లాగో వాళ్ళకి ఆయ్ అట్లా అని నేనే అర్థం చెప్పేసుకున్నాను.

సోమవారం పొద్దున్న ఎస్తేరు నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. ఇంకో వారం దాకా చదవకూడదని కంటి డాక్టరు చెప్పాడట. అందుకని నా పుస్తకం పక్కన పెట్టి, ఫోన్ రికార్డింగులు పెట్టమంది. ఆమె కన్ను బాగుండి ఉంటే నా ముత్యాల్లాంటి అక్షరాలు చదివి, పేజీ తిప్పేసేది.

ఒక్కొక్కటే వింటోంది. కొన్నింటికి నవ్వింది. ఒకావిడ పేరు విని, "ఈవిడకి మళ్ళీ చేద్దాం, మీరు తొందరపెట్టేశారు" అంది. సత్యవేణి మాటలు అయిపోగానే చెయ్యి ఎత్తింది.

"మళ్ళీ పెట్టండి సార్."

మళ్ళీ పెట్టాను. మూడోసారీ పెట్టించింది. తర్వాత లేచి నిలబడింది.

"ఈవిడకి చుక్క వచ్చింది."

"లేదు సిస్టర్. నేను అడిగాను కదా. రాలేదని చెప్పింది."

"ఎక్కడ చెప్పింది? రాలేదన్నది మీరు. ఆవిడ ఆయ్ అంది."

"ఆయ్ అంటే అవుననే కదా!"

ఎస్తేరు నల్లద్దాలు తీసేసింది. కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. "అవునన్నా ఆయ్ అంటామండి. వింటున్నామనీ అంటాం. పెద్దవాళ్ళ మాటకి అడ్డం రాలేకా అంటాం. అయిదుసార్లు అంది, ఒక్కసారి కూడా అవునని కాదు. నాలుగోది విన్నారా, నొప్పి ఉందా అన్నప్పుడు? సగంలో తెగిపోయింది. ఏడుపు మింగిందండి ఆవిడ. మొత్తం మీద ఒక్క 'లేదు' అంది, అది కూడా 'పచ్చగా అయితే లేదు' అంది. అయితే అన్నదంటే ఇంకోలా ఉందని కదా! ఎలా ఉందమ్మా అని మీరు అడగలేదు. అసలు ఫోనెందుకు చేశావమ్మా అని కూడా అడగలేదు."

నేను వాదించబోయాను. చుక్క పచ్చగానే వస్తుందని, మూడు వందల ఎలుకల మీద చూశామని చెప్పబోయాను. ఎస్తేరు అప్పటికే ఫోన్ తీసింది. నాలుగుసార్లు చేసింది, ఎవరూ ఎత్తలేదు. సత్యవేణికి ఏడాది పరీక్ష అప్పుడే అయిపోయింది. ఇంకో పది నెలల దాకా ఆసుపత్రికి రానక్కర్లేదు. రానక్కర్లేదని ధైర్యం చెప్పింది నేనే.

"కారు తీయండి సార్" అంది ఎస్తేరు.

దుమ్ములోకి, పొగలోకి పోకూడదని ఆమెకి కంటి డాక్టరు చెప్పిన సంగతి నాకు తెలుసు. వద్దని ఒక మాట అన్నాను. ఆమె వినిపించుకోలేదు, నేనూ రెండోసారి అనలేదు.

సత్యవేణి ఇంటి వెనక తాటాకుల పాక ఉంది. పాక నిండా పొగ. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టల మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి జావ. సత్యవేణి గుడ్డని జావలో ముంచి, రెండు చేతులతో చాపి కుండ మీద ఇటునుంచి అటు లాగుతోంది. గుడ్డ దాటీ దాటగానే కుండ మీద రేకు తేలుతోంది. దాన్ని ఊడదీసి పక్కన పెడుతోంది. ఆ లాగినప్పుడల్లా ఆమె రెండు ముంజేతులూ కుండకి బెత్తెడు దూరంలో ఉంటున్నాయి. గుమ్మంలో నిలబడి నేను ఆ బెత్తెడు దూరాన్నే చూస్తున్నాను. ఎదురుగా ఆమె భర్త సూరిబాబు కూర్చుని మట్టలు ఎగదోస్తున్నాడు.

"అయ్యో, ఎస్తేరమ్మగారూ! కంటికి ఆపరేషనంట కదండి, ఈ పొగలోకొచ్చారేంటి?" అంటూ సత్యవేణి లేచింది.

"నీ చెయ్యి చూద్దామని వచ్చాను. ఏదీ?"

సత్యవేణి చెయ్యి చాపలేదు. కొంగులో దాచుకుంది. ఎస్తేరు వెళ్ళి ఆమె పక్కన నేల మీదే కూర్చుని, కొంగులోంచి ఆ చెయ్యి మెల్లగా తీసుకుంది. అంటుకున్న పిండి తన చీర చెంగుతో తుడిచింది.

"నా కన్ను నమ్మకండి సార్. మీరు చూడండి."

చూశాను. చేతి నిండా చిన్న చిన్న సెగ మచ్చలున్నాయి. వాటి మధ్యలో, మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన, గుండ్రంగా ఒకటి ఉంది. చింతగింజ రంగు. పెసరగింజంత. అంచులు గీత గీసినట్టున్నాయి. సెగ మచ్చకి అంత తీరు ఉండదు. నేను నాటిన చోటే, నేను నాటినంతే ఉంది. ఎస్తేరు నా మొహం చూసి గ్రహించి, "సూరిబాబుగారూ, కాసిని మంచినీళ్ళు తెండి. మంట ఆర్పేయండి" అంది. సత్యవేణి నీళ్ళు తాగింది. ఆమె తాగాక అదే గ్లాసులో ఎస్తేరు సూరిబాబు చేత కూడా తాగించింది.

"ఎన్నాళ్ళయిందే?"

"పదకొండు రోజులండి. సెగ మచ్చనుకున్నాను. సెగ మచ్చయితే మూడ్రోజులకి పొక్కు కట్టి రాలిపోద్ది. ఇది రాల్లేదు. సంకలో కూడా సలుపుతా ఉంది. మీ కాయితంలో అనుమానం వచ్చినా సాలు అని రాశారు కదండి. మూడ్రోజులు ఫోను సేతిలో ఎట్టుకుని, ఆనక సేశాను."

నేను అడగకుండా ఉండలేకపోయాను. "మరి నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

సత్యవేణి నొచ్చుకుంటున్నట్టుగా నా వైపు చూసింది. "పచ్చగానే వత్తదన్నారు కదండి తవరు. కనిపెట్టినోరు తవరు. తవరికన్నా నాకెక్కువ తెలుసా అనుకున్నానండి."

జీవితంలో చాలా తిట్లు తిన్నాను. ఏదీ ఇంత తగల్లేదు.

సూరిబాబు ఇంకా ఖాళీ గ్లాసు పట్టుకునే ఉన్నాడు. "నాకూ సెప్పలేదు" అన్నాడు, ఎవరితోనో తెలియనట్టుగా. "పెళ్ళిళ్ళ సీజను, సెబితే నీ సేతులు ఆడవని ఊరుకున్నాను" అంది సత్యవేణి. "రోజంతా ఎదురుగానే కూకున్నాను కదే. మంట సూశాను, రేకు సూశాను. నీ సెయ్యే సూడలేదు" అని ఆయన మొహం తిప్పుకున్నాడు.

ఆరోజే వాళ్ళిద్దర్నీ కారులో తీసుకొచ్చేశాం. మర్నాడు పరీక్షల్లో బయటపడింది. ఎడమ చంకలో శనగగింజంత గడ్డ, అదొక్కటే. ఇంకెక్కడికీ పాకలేదు. తొమ్మిదో రోజున ఆపరేషన్ చేశారు. ఆ మూడు గంటలూ నేను సూరిబాబు పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆయనే పూతరేకుల కుండలు ఎక్కడ చేస్తారో, మంచి కుండని ఎలా ఎంచుకోవాలో చెబుతూ కూర్చున్నాడు. నేను విన్నాను. వినడం అంత తేలిక కాదని అప్పుడే తెలిసింది.

సర్జనుగారు బయటికొచ్చి మాస్కు తీశారు. "శుభ్రంగా వచ్చేసింది. ఏడాది పరీక్ష దాకా ఆగి ఉంటే నేను కత్తి పట్టేవాణ్ణి కాను" అన్నారు. సూరిబాబు ఆయనకి దణ్ణం పెట్టి, తిరిగి నాకూ పెట్టాడు. నాకు పెట్టిన దణ్ణం నేను తీసుకోలేకపోయాను. ఆ చేతులు పట్టుకుని దించేశాను.

రెండు రోజులు పోయాక సత్యవేణి మంచం దగ్గరకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. మీరు ఫోన్ చేసినరోజు నేను వినలేదు, బాగుందని రాసి గీత గీశాను, ఎస్తేరు వినకపోతే మీ ప్రాణం పోయేది, అందుకు కారణం నేనయ్యేవాణ్ణి అన్నాను. క్షమించమని అడిగాను.

ఆమె నా మాటలు చివరిదాకా వింది. మధ్యలో ఒక్కసారి కూడా ఆయ్ అనలేదు.

"తవరు ఫోనెత్తారు కదండి" అంది. "ఎత్తకపోతే ఎస్తేరమ్మగారు ఇనడానికి ఏం ఉండేదండి? నేను మళ్ళీ సేసేదాన్ని కాదు. అంత ధైర్యం ఒక్కపాలికే కూడింది నాకు."

ఆ మాట పట్టుకుని నన్ను నేను క్షమించేసుకోలేదు. కానీ ఆమె అలా అన్నందుకు ఈ రోజుకీ ఆమెకి రుణపడే ఉన్నాను.

తర్వాత ల్యాబ్‌లో కూర్చుని నేను చేయాల్సిన పని చేశాను. చుక్క కణాలని రోజుకి నాలుగు గంటలు పొయ్యి సెగంత వేడిలో పెట్టి చూశాను. సగం చచ్చిపోయాయి. మిగిలిన సగం రంగు పుట్టించాయి గానీ అది పచ్చన కాదు, చింతగింజ రంగు. నాలుగు వారాల్లో తేలిపోయిన ఈ సంగతి పదకొండేళ్ళలో నాకు తెలియలేదు. ఎందుకంటే మా ఎలుకలు ఏసీ గదిలో పెరిగాయి. వాటికి పొయ్యి దగ్గర పనేముంటుంది?

రెండు వందల పన్నెండు మందిలో సెగ దగ్గర పనిచేసేవాళ్ళు ముప్పై ఒక్కరు. ఇడ్లీలు వేసేవాళ్ళు, ఇస్త్రీ చేసేవాళ్ళు, ఇటుక బట్టీలవాళ్ళు. అందరినీ ఎస్తేరూ నేనూ స్వయంగా వెళ్ళి చూశాం. మరో ఇద్దరి చేతుల మీద చింతగింజ రంగు చుక్కలున్నాయి. ఇటుక బట్టీలో పనిచేసే చెల్లాయమ్మకి వైద్యం అందింది. కొలిమి పనిచేసే అప్పలనరసయ్యకి అందలేదు. అప్పటికే ఆయన చుక్క తేలి ఏడు నెలలైంది. పచ్చగా రాలేదు కదా అని ఆయన ఫోన్ కూడా చేయలేదు. ఆయన ఫోటో నా బల్ల మీద ఉంది. చుక్క గురించి ఎవరు పొగిడినా ముందు దానివైపు చూస్తాను.

ఆ పొగలో తిరిగినందుకు ఎస్తేరు కన్ను మూడు వారాలు వాచిపోయింది. నేనేమైనా అంటానేమోనని నల్లద్దాలు నా ముందు తీసేది కాదు.

మరుసటి ఏడు వేసవి దాటాక సత్యవేణి మళ్ళీ వచ్చింది. వైద్యం పూర్తయింది. పాత చుక్క తీసేశాం. కొత్తది వేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. "వేయించుకోకపోయినా తప్పేం లేదు. పాత పద్ధతిలో మూడు నెలలకోసారి వద్దువు గాని" అంది ఎస్తేరు.

"ఏయించుకుంటానండి. కానీ సేతి మీద వొద్దు."

నేను సిద్ధంగానే ఉన్నాను. సెగ తగలని చోట్లు నాలుగు గుర్తించి, బొమ్మ కూడా గీసి తెచ్చాను. భుజం, గూడ ఎముక కింద, తొడ... నేను చెబుతుండగానే సత్యవేణి అటు తిరిగి కూర్చుంది. మందులకి రాలిపోయి మళ్ళీ పెరిగిన జుట్టుని చిన్న ముడి వేసుకుంది. ఆ ముడి పైకెత్తి మెడ వెనక చూపించింది.

"ఇక్కడెయ్యండి."

"అక్కడ మీకు కనబడదు కదమ్మా!"

"కనపడకూడదండి. ఈయనకి కనపడాలి."

గుమ్మం దగ్గర నిలబడ్డ సూరిబాబు ఉలిక్కిపడ్డాడు.

"పదకొండు రోజులు దాన్ని ఒక్కద్దాన్నే సూసుకున్నానండి" అంది సత్యవేణి, ఇటు తిరగకుండానే. "గుడ్డ లాగినప్పుడల్లా కనపడేది. ఈయన ఎదురుగానే ఉండేవోడు. పిలిత్తే పలికేంత దగ్గర. నోరు రాలేదు. ఇంకోపాలి అలా సూసుకోవడం నా వల్ల కాదు. వత్తే గిత్తే ముందు ఈయనకి తెలవాలి. ఈయన నాకు సెప్పాలి."

చుక్క రోగికి స్వయంగా కనబడే చోటే ఉండాలన్నది నా ప్రయోగంలో మొదటి నిబంధన. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. ఎస్తేరు నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను.

"ఏమంటారు సూరిబాబుగారూ? రోజూ చూడాలి మరి" అంది ఎస్తేరు.

"సూత్తానండి" అన్నాడాయన.

చుక్క మెడ వెనకే నాటాం. నిబంధన మార్చి రాశాను. ఎస్తేరు తన కాగితంలో కొత్త ప్రశ్న చేర్చింది: "మీ చుక్కని ఎవరు చూడాలి?" ఆ తర్వాత చుక్క వేయించుకున్నవాళ్ళలో సగం మందికి పైగా తమకి కనబడని చోటే అడిగారు. చెల్లెలు చూస్తుందని ఒకరు, పక్కింటామె చూస్తుందని ఒకరు. పొడుగు చేతుల చొక్కా పోస్ట్‌మాన్ భుజం వెనకకి మార్పించుకుని, తనతో పనిచేసే ఆయన పేరు రాశాడు. ఎవరూ లేనివాళ్ళు ఇరవై ముగ్గురున్నారు. వాళ్ళు ఎస్తేరు పేరు రాశారు. ప్రతి సోమవారం పొద్దున్న ఆమె వీడియో కాల్‌లో ఆ ఇరవై మూడు వీపులూ చూస్తుంది. నా పరిశోధన పత్రాల మీద ఇప్పుడు ఇద్దరి పేర్లుంటున్నాయి. ముందున్నది ఆమె పేరు.

బుధవారాలు మాత్రం నేను ఫోన్ దగ్గర కూర్చుంటాను. ఎస్తేరు నాకు రెండు నెలలు నేర్పింది. నేర్పింది ఏమీ లేదు, నోరు మూసుకుని ఆగడం. మా ప్రొద్దుటూరు మనిషికి అది చిన్న చదువు కాదు.

మొన్న బుధవారం సత్యవేణి ఫోన్ చేసింది. పుస్తకం దగ్గరికి లాక్కున్నాను.

"ఎందుకు చేశారమ్మా?" అని అడిగి, ఆగాను. చాలాసేపు ఆగాను.

"ఏం లేదండి" అంది. "ఈయన పొద్దున్నే ముడి ఎత్తి సూత్తాడు కదండి. మొదట్లో సిగ్గుపడి తలుపేసుకుని మరీ సూసేవోడు. ఇప్పుడు సూడ్డం అయిపోయినా జుట్టు వదలట్లేదండి. దువ్వుతానని కూకుంటున్నాడు. నూనె రాత్తాడు, పాయ తీత్తాడు. పొయ్యి ఎలిగించేసరికి ఎండెక్కిపోతంది. రేకులకి ఆలీసమైపోతందండి. తవరు కాస్త సెప్పండి ఆయనకి."

వెనకనుంచి సూరిబాబు ఏదో గొణిగాడు. ఆమె నవ్వింది.

అలాగే చెబుతానమ్మా అన్నాను. పుస్తకంలో ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. సూరిబాబుకి మాత్రం ఏమీ చెప్పలేదు.